గోల్ ఘర్‌లో ఏసీ కొనేముందు: వేడి కంటే తేమే అసలు లెక్క

మే నెల రాత్రి. శ్రీ విజయపురం నగరంలోని గోల్ ఘర్ కూడలికి దగ్గర్లో, కొండవాలున కట్టిన ఒక రెండు గదుల ఇల్లు. గోడకు వేలాడుతున్న ఉష్ణమాపకం 28 డిగ్రీలు చూపుతోంది. అదే సమయంలో విజయవాడలోనో, నంద్యాలలోనో ఉన్న బంధువుల ఇంట్లో అది 32 దాటి ఉండవచ్చు. అయినా ఇక్కడ నిద్ర పట్టదు. దిండు తడుస్తుంది, బీరువాలోని పట్టుచీరకు బూజు వాసన పడుతుంది, గోడ మూలన నల్లటి మచ్చ ఏటా కొంచెం పెరుగుతుంది. ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దవారు ఉంటే ఆ మచ్చ కేవలం సున్నానికి సంబంధించిన సమస్య కాదు.

2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన ఈ నగరంలో తెలుగువారు కొత్తవారు కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి తీరాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. ఇల్లు చల్లబరచుకునే విషయంలో వీరికి సలహాలు మాత్రం తరచుగా ప్రధాన భూభాగం నుంచే వస్తాయి: ఫలానా కూలర్ బాగుంటుంది, ఒకటిన్నర టన్ను కంటే తక్కువ కొనవద్దు, చలికాలానికీ పనికొచ్చే ఏసీ తీసుకోండి అని. ఈ మూడు సలహాలూ ఆ ఊళ్లకు సరిపోవచ్చు. గోల్ ఘర్‌కు సరిపోవు.

కూలర్ ఇక్కడ ఎందుకు పనిచేయదు?

కూలర్ చేసేది ఒక్కటే పని. తడి గడ్డి మీదుగా గాలిని లాగుతుంది; నీరు ఆవిరవుతూ ఆ గాలిలోని వేడిని తీసుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత నీరు ఆవిరవుతుంది, అంత చల్లదనం వస్తుంది. కర్నూలులో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, గాలిలో తేమ 20 శాతం ఉన్నదనుకుందాం. అటువంటి గాలిని నీటితో గరిష్ఠంగా 23 డిగ్రీల దాకా చల్లార్చవచ్చు. సాధారణ కూలర్ ఆ దూరంలో ఐదింట నాలుగు వంతులు పోగలదు కనుక, బయటికి వచ్చే గాలి 26, 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది నిజంగా హాయి.

ఇప్పుడు అదే కూలర్‌ను ఓడలో తెచ్చి గోల్ ఘర్‌లో కిటికీ పక్కన పెట్టండి. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం. ఈ గాలిని నీటితో ఎంత చల్లార్చినా 27 డిగ్రీల కంటే కిందికి దిగదు. కూలర్ ఇచ్చేది రెండున్నర డిగ్రీల లోపే. అందుకు బదులుగా గదిలోని తేమను మరింత పెంచుతుంది. మన శరీరం చెమటను ఆరబెట్టుకొని చల్లబడుతుంది. చెమట ఆరనీయని గాలిలో రెండున్నర డిగ్రీల తగ్గుదలకు విలువ లేదు. ఉక్కపోతకు కూలర్ మందు కాదు, ఆజ్యం.

అయితే ఏసీ అలా కాదు. దాని లోపలి తీగచుట్టను తాకిన గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి, గొట్టం గుండా బయటికి కారిపోతుంది. నిజానికి ఆధునిక ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజినీరు రూపొందించిన యంత్రమే నేటి ఏసీకి మూలం. మనుషుల సుఖం తరువాత వచ్చిన ఆలోచన. ఆ ముద్రణాలయం కష్టం అండమాన్ గృహిణికి వెంటనే అర్థమవుతుంది.

టన్ను అంటే బరువు కాదు

ఏసీ దుకాణంలో మొదట వినబడే మాట టన్ను. అది యంత్రం బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గది నుంచి తోడివేయగల సామర్థ్యం. ఆధునిక కొలతలో అది సుమారు మూడున్నర కిలోవాట్లు. ఇక్కడ ఒక పొరపాటు సర్వసాధారణం: ఏసీ మూడున్నర కిలోవాట్ల విద్యుత్తు తింటుందని భయపడటం. అది తోడే వేడి. అందుకు వాడే విద్యుత్తు దానిలో మూడో వంతో, నాలుగో వంతో ఉంటుంది.

పెద్ద సామర్థ్యం ఉంటే మంచిదే కదా అనిపించడం సహజం. పొడి ప్రదేశంలో దాని వల్ల డబ్బు వృథా, అంతే. తేమ ప్రదేశంలో పనే చెడుతుంది. గదికి మించిన ఏసీ పది నిమిషాల్లో గాలిని 24 డిగ్రీలకు దించి ఆగిపోతుంది. ఆ కొద్దిసేపట్లో తీగచుట్టపై చేరిన నీటిబొట్లు ఇంకా కిందికి కారకముందే యంత్రం ఆగడంతో, లోపలి పంకా వాటిని మళ్లీ గదిలోకే ఊదుతుంది. గది చల్లగా ఉంటుంది, కానీ జిగటగా ఉంటుంది. దుప్పటి తడిగా తగులుతుంది. వెంటనే మనం చేసేది ఉష్ణోగ్రతను ఇంకా తగ్గించడం. కావలసినది మాత్రం చిన్న యంత్రం, ఎక్కువసేపు నిదానంగా నడవడం.

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉండి, పైన మరో అంతస్తు ఉన్న పడకగదికి, రాత్రిపూట మాత్రమే వాడేట్టయితే, ఒక టన్ను చాలు, చాలాచోట్ల 0.8 టన్ను కూడా సరిపోతుంది. రేకుల కప్పు కింద ఉన్న గది, పడమటి ఎండ పడే గది, పగలు కూడా వాడే గది అయితే లెక్క మారుతుంది. ఇన్వర్టర్ ఏసీలు అవసరాన్ని బట్టి వేగం తగ్గించుకుంటాయి కాబట్టి ఈ ఇబ్బంది తక్కువే, కానీ లేకపోలేదు: వేగం బాగా తగ్గినప్పుడు తీగచుట్ట తగినంత చల్లబడక తేమను వదిలేస్తుంది. రిమోట్‌లో ‘డ్రై’ అనే మీట ఉన్నది అందుకే. ముసురు పట్టిన జూలై రాత్రుల్లో దానిని వాడి చూడండి. చాలామంది దానిని ఒక్కసారైనా నొక్కి ఉండరు.

యంత్రం కంటే ముందు కిటికీని చూడాలి. 28 డిగ్రీల వద్ద 85 శాతం తేమ గల బయటి గాలిలో ఘనమీటరుకు 23 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 26 డిగ్రీల వద్ద 55 శాతం తేమ గల సుఖకరమైన గదిలో ఉండేది 13 గ్రాములు. పైన చెప్పిన గది గాలి మొత్తం ఒకసారి మారిందంటే, దాదాపు మూడు వందల గ్రాముల నీరు, ఒక పెద్ద గ్లాసుడు, గదిలోకి వచ్చినట్టే. పాత చెక్క కిటికీల సందుల గుండా ఇది గంటకు ఒకటి రెండు సార్లు జరుగుతుంది. ఆ నీటినంతా ఏసీ మళ్లీ తోడాలి. కొన్ని వందల రూపాయల రబ్బరు పట్టీ చేసే పని ఇక్కడ తేలిక కాదు.

నక్షత్రాలు ఎవరి వేసవికి?

ఏసీపై అతికించే నక్షత్రాల చీటీని ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ, ఇస్తుంది. దానిపై ఐఎస్‌ఈఈఆర్ అనే ఒక అంకె ఉంటుంది. ఏడాది మొత్తంలో యంత్రం తోడిన వేడిని అందుకు వాడిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చేది అది. పెద్దదైతే మేలు. నక్షత్రాల గీతను అప్పుడప్పుడు పైకి జరుపుతారు కనుక, చీటీపై ముద్రించిన సంవత్సరాన్నీ చూడాలి. నిన్నటి ఐదు నక్షత్రాలు నేటి నాలుగు కావచ్చు. నక్షత్రాల కంటే ఆ అంకెను పోల్చడం నిక్కమైన పద్ధతి.

అయితే ఆ అంకెను ఏడాదికి 1,600 గంటల వాడకం, 24 నుంచి 43 డిగ్రీల దాకా ఉండే బయటి ఉష్ణోగ్రతల లెక్కతో కట్టారు. అది సగటు భారతదేశపు వేసవి. అండమాన్‌లో 40 డిగ్రీలు ఉండవు, చలికాలమూ ఉండదు. అంటే యంత్రంపై వేడి బరువు తక్కువ, గంటలు మాత్రం ఎక్కువ.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక టన్ను ఏసీలు రెండు. మొదటిది మూడు నక్షత్రాలది, 1,600 గంటలకు 690 యూనిట్లు. రెండోది ఐదు నక్షత్రాలది, 525 యూనిట్లు, ధర 8,000 రూపాయలు ఎక్కువ. యూనిట్ 7 రూపాయలనుకుందాం. హైదరాబాద్‌లో నాలుగు నెలలు, రాత్రికి ఎనిమిది గంటలు వాడే కుటుంబానికి ఏటా మిగిలేది 99 యూనిట్లు. ఆ 8,000 తిరిగి రావడానికి పదకొండేళ్లు దాటుతుంది. గోల్ ఘర్‌లో మూడు వందల రాత్రులు వాడే కుటుంబానికి మిగిలేది సుమారు 250 యూనిట్లు. నాలుగున్నర ఏళ్లలో తిరిగి వస్తుంది. వారానికి రెండు రాత్రులు చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే వేసే గదికి ఐదు నక్షత్రాలు అనవసరం.

ఈ లెక్కలో యూనిట్ ధరను మీ బిల్లు నుంచే తీసుకోవాలి, అదీ సగటు ధర కాదు. గృహ విద్యుత్తు ధర శ్రేణులుగా పెరుగుతుంది. పంకాలు, దీపాలు, ఫ్రిజ్ ముందుగా చవక శ్రేణిని వాడేసుకుంటాయి; ఏసీ యూనిట్లు పై శ్రేణిలో పడతాయి. కాబట్టి మీ బిల్లులో చివరి శ్రేణి ధరే ఏసీకి అసలు ధర.

దీవుల విద్యుత్తుకు మరో విశేషం ఉన్నది. ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో దీనికి సంబంధం లేదు. ఉత్తర అండమాన్‌లోని కల్‌పాంగ్ జలవిద్యుత్తు, కొన్ని సౌర కేంద్రాలు మినహాయిస్తే, విద్యుత్తు ప్రధానంగా ఓడల్లో వచ్చే డీజిల్‌తోనే తయారవుతుంది. ఉత్పత్తి ఖర్చు వినియోగదారు చెల్లించే దానికంటే చాలా ఎక్కువ. తేడాను ప్రభుత్వం భరిస్తుంది. డీజిల్ జనరేటరుకు యూనిట్‌కు సుమారు పావు లీటరు ఇంధనం కావాలి. ఆ 250 యూనిట్ల మిగులు అంటే ఏడాదికి అరవై లీటర్లకు పైగా డీజిల్ ఓడ ఎక్కనక్కరలేదు.

ఉప్పుగాలి లెక్క

ఇక్కడ ఏ ఇంటి నుంచైనా సముద్రం దూరం కాదు. ఏసీ బయటి పెట్టెలోని పలుచని అల్యూమినియం రెక్కలపై ఉప్పు పేరుకొని, తేమతో కలిసి, వాటిని పిండిలా రాల్చేస్తుంది. రెక్కలు పోయిన ఏసీ నడుస్తూనే ఉంటుంది, కానీ ఎక్కువ విద్యుత్తు తిని తక్కువ చల్లబరుస్తుంది. ఆ తరువాత గ్యాసు కారడం మొదలవుతుంది. ఈ తగ్గుదల ఏ చీటీలోనూ కనబడదు.

నక్షత్రాల కంటే ఇది ముఖ్యమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎందుకో పై ఉదాహరణనే ముందుకు నడిపి చూస్తే తెలుస్తుంది. ఐదు నక్షత్రాల ఏసీ ధర 36,000 అనుకుందాం. ఓడ ఖర్చు వల్ల ఇక్కడ పడే అదనం 3,000, బిగింపు, రాగి గొట్టం, స్టాండు కలిపి 4,500, స్టెబిలైజరు 3,000, విడిగా తీగ, ఎంసీబీ 3,000. మొత్తం 49,500. ఏటా రెండు సర్వీసులకు 1,600, విద్యుత్తుకు సుమారు 5,500. ఏడేళ్లకు దాదాపు లక్ష రూపాయలు. దుకాణంలో బేరమాడిన 36,000 అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మూడు నక్షత్రాలదాన్ని ఇలాగే లెక్కిస్తే ఏడేళ్లకు లక్షా మూడు వేల చిల్లర. అంటే ఐదు నక్షత్రాలకు నాలుగు వేలు లాభం. కానీ రెండూ నాలుగో ఏటనే తుప్పుపట్టి పోతే? అప్పుడు చవకదే వెయ్యి రూపాయలు నయం. నక్షత్రాలు ఇచ్చే లాభమంతా యంత్రం బతికే కాలంపై ఆధారపడి ఉన్నది. (ఈ ధరలు లెక్క చూపడానికి మాత్రమే, మీ దుకాణం చెప్పిన అంకెలు వేసి చూసుకోండి.)

కాబట్టి అడగవలసిన ప్రశ్నలు వేరు. బయటి తీగచుట్ట రాగిదా, అల్యూమినియందా? దానిపై తుప్పు నిరోధక పూత ఉన్నదా, ఉంటే రెక్కలపైనేనా, గొట్టాలపై కూడానా? వారంటీ పత్రంలో ఉప్పుగాలి వల్ల వచ్చే తుప్పు గురించి ఏమి రాసి ఉన్నది? చెన్నైలో కొని ఓడలో తెచ్చుకుంటే ఆ వారంటీ దీవుల్లో చెల్లుతుందా, లేక పాడైన భాగం తిరిగి సముద్రం దాటాలా? విశాఖ నుంచైనా చెన్నై నుంచైనా ఇది సుమారు 1,200 కిలోమీటర్లు; ఓడ తప్పితే వారాల నిరీక్షణ. నగరంలో సర్వీసు కేంద్రం ఉన్న కంపెనీకి రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. కొత్త ఏసీల్లో విరివిగా ఉండే ఆర్-32 గ్యాసుకు కొంత మండే గుణం ఉన్నది కనుక, దానిపై పని నేర్చిన మెకానిక్ ఉన్నాడా అని కూడా కనుక్కోవాలి.

బయటి పెట్టెను సముద్రపు గాలి నేరుగా తగలని గోడకు బిగించండి. మామూలు ఇనుప స్టాండు ఇక్కడ మూడు నాలుగు వానాకాలాలకే బలహీనపడుతుంది. ముప్పై కిలోల పెట్టె దారిన పోయేవారిపై వేలాడుతుంటుంది. జింకు పూత బాగా ఉన్న స్టాండు గానీ, స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ అడిగి వేయించుకోవాలి. ఇందులో ఆదా చేయవద్దు.

ఏసీకి ముందు పంకా

మొదట ఖర్చు చేయవలసింది ఏసీపై కాకపోవచ్చు. పాత పంకా 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ పంకా దాదాపు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఇంట్లో ఒక్కో పంకాకు ఏటా సుమారు 245 యూనిట్లు మిగులుతాయి. అంటే మూడు నక్షత్రాల నుంచి ఐదుకు మారితే ఏసీ మిగిల్చేది, ఒక్క పంకా మార్పు మిగిలిస్తుంది, సగానికంటే తక్కువ ఖర్చుతో. ఎందుకో ఈ మాట ఎవరి ప్రకటనలోనూ పెద్ద అక్షరాల్లో కనిపించదు.

పంకా తిరుగుతుంటే ఏసీని 26 లేదా 27 వద్ద ఉంచినా చాలు. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బీఈఈ చెబుతుంది. 2020 జనవరి నుంచి ఏసీలు ఆన్ చేయగానే 24 వద్ద మొదలుకావాలన్న నియమానికి కారణం అదే. అండమాన్‌లో ఇంకో కారణం కూడా ఉన్నది. 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న గాలి 25 డిగ్రీల కంటే చల్లని దేనిని తాకినా నీరై దిగుతుంది. మీరు పడకగదిని 20కి దించితే, ఆ గది గోడకు అవతలి వైపు, అంటే ఏసీ లేని హాలులో, గోడ చెమరుస్తుంది. కొన్ని నెలలకు అక్కడ బూజు పడుతుంది. వానకు గోడ నానిందనుకొని రంగులవారిని పిలిచేవారు ముందు రిమోట్‌ను చూడటం మంచిది.

రేకుల కప్పు ఉన్న ఇళ్లకు మరో మాట. కప్పు కింద ఫాల్స్ సీలింగ్ వేసి, మధ్యలోని వేడి గాలి పోవడానికి రెండు చివరలా దారి వదిలితే గదికి దిగే వేడి బాగా తగ్గుతుంది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత కూడా ఉపయోగమే. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనిపై ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. ఇక్కడి వానకు ఆ పూత నాచు పట్టి నల్లబడుతుంది కనుక ఏటా కడగాలి.

కప్పు అనువుగా ఉంటే సౌర ఫలకాల సంగతీ ఆలోచించవచ్చు. 2024లో ప్రారంభమైన పీఎం సూర్య ఘర్ పథకంలో దీవులకు మిగతా చోట్లకంటే పది శాతం ఎక్కువ రాయితీ ఉన్నది: రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 33,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు మొత్తం 85,800.

వేడి చేసే ఏసీ అవసరమా?

అవసరం లేదు. ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీ తన పనిని తిరగేసి, బయటి వేడిని లోపలికి తోడుతుంది. లంబసింగిలోనో, ఢిల్లీ జనవరిలోనో అది ఎంతో పొదుపైన పరికరం. అమెరికాలో, ఐరోపాలో మనవాళ్ల ఇళ్లను వెచ్చబరిచే హీట్ పంపు అదే. డిసెంబరు రాత్రి కూడా ఇరవై డిగ్రీలకు పైనే ఉండే గోల్ ఘర్‌లో ఆ మీట నొక్కే రోజు రాదు. వేడి కావలసింది పసిపిల్లల స్నానానికీ, పెద్దల కీళ్లకూ మాత్రమే. 27 డిగ్రీల నీటిని పదిహేను లీటర్లు 40 డిగ్రీలకు తేవడానికి పట్టేది యూనిట్‌లో పావు వంతు లోపు. మూడు లీటర్ల చిన్న గీజరు, లేదా పొయ్యి మీద గిన్నె, అంతకు చాలు.

చివరిగా ఆ గొట్టం నుంచి కారే నీరు. తేమ రోజుల్లో ఒక టన్ను ఏసీ గంటకు లీటరు దాకా నీరు వదులుతుంది. రాత్రికి ఒక బకెట్ నిండవచ్చు. ధనిఖాడీ జలాశయం అడుగంటి, కుళాయి నీరు రోజు విడిచి రోజు కూడా రాని ఎండాకాలంలో ఆ బకెట్‌ను పారబోయకండి. తాగడానికి, వంటకు పనికిరాదు. కానీ అందులో ఉప్పు లేదు. నెలకోసారి ఏసీ స్విచ్ ఆపి, బయటి పెట్టె రెక్కలపై ఆ నీటినే మెల్లగా పోసి కడిగితే, సముద్రం అంటించిన ఉప్పు పోతుంది.